కలంకారీ తెర, తంజావూరు పటం, కంచు విగ్రహం: తిరుపతి వాతావరణంలో గ్యాలరీలు కళాఖండాలను ఎలా కాపాడాలి, ఎలా పట్టుకోవాలి, ఎలా దాచాలి

తిరుపతిలో ఒక చిన్న గ్యాలరీ స్టోరు గదిలో పనికి చేరిన కొత్తలో, ఇనుప బీరువాలో మడతపెట్టి ఉన్న పాత కాళహస్తి కలంకారీ తెరను విప్పాను. మడత విప్పుతుంటే చిన్న చప్పుడు వినిపించింది, ఎండుటాకు విరిగినట్టు. ఎరుపు బాగుంది, నీలం బాగుంది. సీతమ్మ ముఖం చుట్టూ గీసిన నల్లగీత మాత్రం మడత పడిన చోట గుడ్డతో సహా చిట్లి, నా వేళ్లకు నల్లటి పొడిగా అంటుకుంది. ఆ బొమ్మను ఎవరూ పాడుచేయాలనుకోలేదు. పట్టుచీర దాచినంత జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి, నాఫ్తలీన్ గోళీలు వేసి దాచారు. పాడైంది ఆ జాగ్రత్త వల్లే.

అప్పటి నుంచీ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ చిన్న గ్యాలరీ నడిపేవాళ్లకూ, కళాశాలలో చిత్రాల సేకరణ చూసుకునేవాళ్లకూ, తాతల నాటి పటాలు ఇంట్లో ఉన్నవాళ్లకూ ఇది పనికొస్తుంది. ఖరీదైన యంత్రాలు లేకుండా చేయగలిగినవే ఎక్కువ చెప్పాను.

మొదటి మెట్టు: ఆ వస్తువు దేనితో తయారైందో తెలుసుకోండి

ఎక్కడ పెట్టాలి, ఎలా చుట్టాలి, ఎంత వెలుతురు పడనివ్వాలి అన్న ప్రశ్నలన్నీ దీని తర్వాతే. కాళహస్తి కలంకారీనే తీసుకుందాం. మన ప్రాంతపు గ్యాలరీలో అది లేకుండా ఉండదు.

గాడ గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం నూలుపోగుకు పడుతుంది. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. ఆ తర్వాత బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంలో వెదురు కలం ముంచి గీతలు గీస్తారు. గీసేటప్పుడు అది లేత రంగులోనే ఉంటుంది. ఇనుము, గుడ్డలోని టానిన్ కలవగానే నల్లబడుతుంది. ఎరుపు కావాలనుకున్న చోట పటిక పట్టించి, ఎర్రరంగునిచ్చే చెక్కలు, వేళ్లు వేసిన నీళ్లలో మరిగిస్తారు. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు.

ఆ నల్లగీతలోనే దాని చావు కూడా ఉంది. గుడ్డలో మిగిలిపోయిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నూలును మెల్లమెల్లగా తినేస్తుంది. టానిన్ తెచ్చే ఆమ్లం దానికి తోడవుతుంది. గాలిలో తేమ పెరిగితే ఈ పని వేగంగా జరుగుతుంది. అందుకే పాత తెరల్లో రంగు నిండిన చోట గుడ్డ గట్టిగా ఉండి, బొమ్మకు ప్రాణమైన హద్దుగీత మొదట రాలిపోతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే మిగతా నియమాలు మీరే రాసుకోగలరు. మడతపెట్టకూడదు, తేమ తగలనివ్వకూడదు, ఉతకకూడదు. ఉతికితే ఇనుము కరిగి పక్కకు పాకి, నల్లగీత లేనిచోట కూడా గుడ్డను తినడం మొదలుపెడుతుంది.

రంగులన్నీ ఒకే గట్టివి కావు. పటికతో పట్టిన ఎరుపు, నీలిమందు నీలం చాలాకాలం నిలుస్తాయి. కరక్కాయ పువ్వు పసుపు వెలుతురుకు త్వరగా పోతుంది. ఆకుపచ్చ అంటే నీలం మీద వేసిన పసుపే కాబట్టి, వెలుతురులో చాలాకాలం వేలాడిన తెరల్లో చెట్ల ఆకులు నీలంగా కనిపిస్తాయి. చూసేవాళ్లు కళాకారుడు అలాగే వేశాడనుకుంటారు. నిజానికి అక్కడ పసుపు ఎగిరిపోయింది.

మిగతావాటి సంగతి క్లుప్తంగా. తంజావూరు పటానికి అడుగున చెక్క పలక, దాని మీద గుడ్డ, ఆ గుడ్డ మీద సుద్ద, జిగురు కలిపిన పూత, పైన బంగారు రేకు, రాళ్లు. అంటే ఒక్కోటి ఒక్కోలా ఉబ్బి కుంచించుకునే నాలుగైదు పొరలు. ఏర్పేడు దగ్గరి మాధవమాల కొయ్య బొమ్మలకు పుచ్చు, పగులు రెండూ శత్రువులే. కంచుకు ఉప్పు, తేమ. తాటాకు ప్రతులకు మరీ పొడి గాలీ చేటే, మరీ తడీ చేటే.

రెండో మెట్టు: రాసిపెట్టండి, ఫొటో తీయండి

వస్తువు గడప దాటి లోపలికి వచ్చిన రోజే దానికి ఒక నెంబరు ఇవ్వాలి. 2024.15 అని రాస్తే, 2024లో వచ్చిన పదిహేనో వస్తువు అని అర్థం. ఒకసారి ఇచ్చిన నెంబరు మళ్లీ ఇంకోదానికి ఇవ్వకూడదు. రిజిస్టరులో కొలతలు, దేనితో చేసింది, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ ఏ చోట ఏ దెబ్బ ఉంది అన్నవి రాయాలి. ముందువైపు, వెనకవైపు, నాలుగు మూలలు, ప్రతి దెబ్బ దగ్గరగా ఫొటో తీయాలి. పక్కన ఒక స్కేలు పెట్టండి. ఆరు నెలల తర్వాత చిరుగు పెరిగిందా లేదా అని మీకు చెప్పేది ఆ స్కేలే.

నెంబరు వస్తువు మీద ఎలా వేయాలన్నదే చాలామంది తప్పుచేసే చోటు. బాల్‌పెన్ను, స్టిక్కరు, స్టేప్లరు పిన్ను ఏవీ వద్దు. కాగితానికైతే వెనక మూలలో 2బీ పెన్సిల్‌తో మెల్లగా. గుడ్డకైతే నూలు నాడా ముక్క మీద నెంబరు రాసి, దాన్ని అంచుకు రెండు కుట్లతో తగిలించాలి. లోహానికీ కొయ్యకీ పారలాయిడ్ బి-72 అనే పారదర్శక పూతను ముందు కొద్దిగా రాసి, ఆరాక దాని మీద నెంబరు వేస్తారు. అసిటోన్‌తో తుడిస్తే పోతుంది, వస్తువుకు మచ్చ మిగలదు. ఇదే సూత్రం ఈ పనిలో అన్నింటికీ వర్తిస్తుంది: మీరు చేసిన ప్రతి పనినీ రేపు ఇంకొకరు వెనక్కి తీయగలగాలి.

ఇంకో మాట. నూరేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన చారిత్రక, సాహిత్య విలువ ఉన్న ప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. విగ్రహాల వంటి కొన్ని రకాలను పురావస్తు శాఖ దగ్గర నమోదు చేయించాలి. ఎర్రచందనం బొమ్మలైతే అటవీశాఖ కాగితాలు కూడా రిజిస్టరుతో పాటే ఉంచండి.

మూడో మెట్టు: కొత్తగా వచ్చినదాన్ని పాతవాటితో కలపకండి

కనీసం రెండు వారాలు వేరే గదిలో, తెల్లని కాగితం పరిచిన బల్ల మీద ఉంచండి. తెల్ల కాగితం ఎందుకంటే, కొయ్యబొమ్మ కింద రోజూ సన్నటి పిండి రాలుతుంటే లోపల పుచ్చు పురుగు బతికి ఉన్నట్టే. పాత రంధ్రాలు ముదురు రంగులో ఉంటాయి, కొత్తవి లోపల తెల్లగా శుభ్రంగా కనిపిస్తాయి. చట్రాల వెనక అట్ట తీసి చూడండి. సిల్వర్ ఫిష్‌లు, బొద్దింక గుడ్లు అక్కడే దొరుకుతాయి.

నాలుగో మెట్టు: చేతులు

తెల్లని నూలు గ్లవుసులు వేసుకుంటే నిపుణుల్లా కనిపిస్తాం గానీ, కాగితానికీ గుడ్డకీ అవి మంచివి కావు. పట్టు జారుతుంది, లేచిన పోగుకు తగులుకుంటాయి. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరిన ఉత్తచేతులే మేలు. లోహాన్ని మాత్రం ఉత్తచేత్తో తాకకండి. చెమటలోని ఉప్పు కంచు మీద వేలిముద్రను శాశ్వతంగా చెక్కేస్తుంది. దానికి నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు గ్లవుసులు కావాలి.

చేతులు కడగడం దగ్గర మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. పొద్దున పూజచేసి వచ్చిన వేళ్లకు కుంకుమ, చందనం, విభూతి ఉంటాయి. కుంకుమ తెల్లగుడ్డ మీద పడితే పోదు. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం, మెడలో వేలాడే ఐడీ కార్డు తీసేయండి. గొలుసు ఉంటే లోపలికి వేసుకోండి. చొక్కా జేబులో పెన్ను వద్దు, స్టోరు గదిలో పెన్సిల్ ఒక్కటే ఉండాలి.

పటాన్ని మోసే పద్ధతి: ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కన. పైకమ్మి పట్టుకుని ఎత్తితే పాత చట్రం మూలలు ఊడి, పటం కింద పడుతుంది, కమ్మి చేతిలో మిగులుతుంది. బొమ్మ వైపు మీ ఒంటివైపు ఉండాలి. మీటరు దాటిన పటానికి ఇద్దరు మనుషులు. ఎత్తకముందే ఎక్కడ దించాలో అక్కడ మెత్తని దిమ్మలు వేసి ఉంచండి, దారిలో తలుపులు తెరిచి పెట్టండి. ఎత్తిన తర్వాత "తలుపు తియ్యి నాయనా" అని అరవాల్సి వచ్చిందంటే పని తలకిందులుగా మొదలైనట్టు. విగ్రహాన్ని చెయ్యి పట్టుకుని గానీ, ప్రభావళి పట్టుకుని గానీ ఎత్తకూడదు. బరువంతా ఉండే పీఠం కింద చెయ్యి, నడుము దగ్గర ఇంకో చెయ్యి.

తిరుపతి గ్యాలరీకి ఇంకో సంగతి ఉంది, అది వేరే ఊళ్లలో ఇంతగా ఉండదు. కొండ దిగి వచ్చిన యాత్రికులు గోడమీద శ్రీనివాసుడి పటం కనిపించగానే చెయ్యి చాచి తాకి కళ్లకద్దుకుంటారు. అది భక్తి, దాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఒక కాపలా మనిషి వాళ్లను గద్దించడం చూసి నాకు కష్టంగా అనిపించింది. "తాకరాదు" బోర్డు కన్నా, గోడకు రెండున్నర అడుగుల దూరంలో నడుమెత్తు తాడు కడితే చెయ్యి అందదు, మనిషి అక్కడే ఆగి దణ్ణం పెట్టుకుంటాడు. హారతి, అగరొత్తులు, కర్పూరం మాత్రం ఎవరడిగినా ఒప్పుకోవద్దు. ఆ మసి జిడ్డుగా పట్టుకుంటుంది, తీయడం నిపుణులకే కష్టం.

అయిదో మెట్టు: వెలుతురు

వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుంది, తిరిగి రాదు. బట్ట, కాగితం, నీటిరంగులు, సహజరంగులకు 50 లక్స్ (వస్తువు మీద పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు) మించకూడదని మ్యూజియాలు పాటించే కొలత. తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ దాకా పర్వాలేదు. రాయికి, లోహానికి ఈ బెంగ లేదు. అతినీలలోహిత కిరణాలు ఒక్కో ల్యూమెన్‌కు 75 మైక్రోవాట్లు మించకూడదు. మంచి ఎల్ఈడీ దీపాలు పెట్టి, కిటికీలకు ఆ కిరణాలను ఆపే యూవీ ఫిల్ము అంటిస్తే ఇది సాధ్యమే.

ఈ అంకెలు ఏమిటో తెలియాలంటే ఒక లెక్క చూడండి. మన నడివేసవి ఎండ సుమారు లక్ష లక్స్. 50 లక్స్ దగ్గర రోజుకు 8 గంటలు ప్రదర్శిస్తే ఆ వస్తువుకు 400 లక్స్-గంటలు తగులుతాయి. ఒక్క గంట నేరుటెండ అంటే ఆ లెక్కన 250 రోజుల ప్రదర్శన. తెరను "కాస్త ఎండ తగిలితే పురుగు పోతుంది" అని మేడమీద ఆరేసినవాళ్లు ఒక మధ్యాహ్నంలో దాని ఆయుష్షులో ఏళ్లు ఖర్చుచేశారు. స్వర్ణముఖి ఒడ్డున ఎండలో ఆరబెట్టే కదా ఇది తయారైంది అని నన్ను చాలామంది అడిగారు. తయారయ్యేటప్పుడు కళాకారుడికి ఆ ఎండ పనిముట్టు, రంగు పండటానికి వాడుకున్నాడు. పని పూర్తయ్యాక అదే ఎండ రంగును తీసుకెళ్లిపోతుంది.

లక్స్ మీటరు లేకపోతే ఫోన్ యాప్‌తో సుమారుగా చూడొచ్చు, నమ్మకంగా కావాలంటే చిన్న మీటరు కొనండి. గది 50 లక్స్‌లో చీకటిగా ఉందనిపిస్తే, ముందున్న నడవాలో వెలుతురు తగ్గించండి. బయటి ఎండలోంచి నేరుగా లోపలికొస్తే ఎవరికైనా చీకటే. రెండు నిమిషాలు మసక నడవాలో నడిచి వస్తే కళ్లు అలవాటుపడతాయి. కలంకారీని మూడు నాలుగు నెలలు చూపించి, ఏడాదికి పైగా చీకట్లో విశ్రాంతినివ్వండి.

ఆరో మెట్టు: తేమ

ఇది మన ఊరి అసలు సమస్య. రోహిణి కార్తెలో తిరుపతి 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం గాలి ఎండిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు వచ్చి గోడలు చెమర్చుతాయి. ఏడాదిలో ఈ రెండు కొసల మధ్య ప్రతి నూలుపోగూ ప్రతి చెక్కపలకా ఉబ్బి కుంచించుకుంటుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే బూజు వస్తుంది. 45 నుంచి 60 శాతం మధ్య ఉంటే చాలు, అంతకన్నా ముఖ్యం ఒక రోజులో అది పెద్దగా మారకుండా ఉండటం.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను. పొద్దున పదింటికి ఏసీ వేసి సాయంత్రం ఆరింటికి ఆపేసే గ్యాలరీ కన్నా, అసలు ఏసీ లేని మందపాటి గోడల గది మేలు. వేసిన ప్రతిసారీ గాలి ఎండుతుంది, ఆపిన ప్రతిసారీ తడి తిరిగి వస్తుంది. తంజావూరు పటం మీది సుద్దపూత ఈ ఊగిసలాటకే పగిలి, బంగారు రేకుతో సహా లేచిపోతుంది. ఏసీ వేస్తే ఇరవై నాలుగు గంటలూ వేయండి. లేదంటే వేయకండి.

పాతవాళ్ల కట్టడాలు చూస్తే ఇది అర్థమవుతుంది. చంద్రగిరి రాజమహల్‌లో ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. మందపాటి గోడలవల్ల బయటి వేడి లోపలికి మెల్లగా వస్తుంది, చెదలకు అందులో తిండే లేదు. తిరుమల ఆలయంలో తాళ్లపాక వారి రాగిరేకులు శతాబ్దాలపాటు ఉన్నది కూడా రాతిగోడల మధ్య, చీకటిగా ఉండే సంకీర్తన భండారంలోనే. మీ గ్యాలరీకి రాజమహల్ కట్టలేరు గానీ, స్టోరు కోసం మేడమీది గదిని కాకుండా కింది అంతస్తు మధ్యగదిని ఎంచుకోవచ్చు. పడమటి గోడ ఎండకు కాగని గది, పైన నీళ్ల ట్యాంకు, పక్కన బాత్రూము లేని గది.

తేమ కొలిచే డిజిటల్ మీటరు కొన్నాక, అది నిజం చెబుతోందా అని చూడాలి. చిన్న మూతలో ఒక చెంచా ఉప్పు వేసి, కొన్ని చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేయండి. నీరుగా కాకూడదు. ఆ మూతను, మీటరును కలిపి గాలి చొరని డబ్బాలో మూసి రాత్రంతా ఉంచండి. పొద్దున 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు అయిదు తక్కువ చెబుతోందని దానిమీద చీటీ అంటించండి.

గాలిలోని తేమను పీల్చుకునే సిలికా జెల్ గింజల గురించి చాలా అపోహ ఉంది. చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న పొట్లాలు నాలుగు బీరువాలో వేస్తే ఏమీ జరగదు. అద్దాల పెట్టెలకు వాడే లెక్క ఘనపు మీటరుకు 20 కిలోలు. అంటే ఇంటి బీరువా అంత చోటుకు బస్తా కావాలి, అదీ గాలి చొరకుండా మూస్తేనే. కాబట్టి సిలికా జెల్‌ను చిన్న మూతపెట్టెల్లోని కంచుకు, నాణేలకు ఉంచుకోండి. రంగు మారినప్పుడు తీసి, ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఎండబెడితే మళ్లీ పనికొస్తుంది. గదికైతే వానాకాలం మూడు నెలలు గాలిలోని తేమను లాగే డీహ్యుమిడిఫయరు యంత్రం పెట్టండి, దాని నీళ్ల డబ్బా రోజూ పారబోసే పనిని ఒకరికి పేరుపెట్టి అప్పగించండి.

ఏడో మెట్టు: కలంకారీని చుట్టే పద్ధతి

ఇది ఇద్దరు మనుషుల పని, పెద్ద తెరకు ముగ్గురు. తొందరపడే రోజున మొదలుపెట్టకండి.

1. గుడ్డ వెడల్పు కన్నా రెండు పక్కలా అరచెయ్యంత పొడవుండే గొట్టం తీసుకోండి. నాలుగంగుళాల వ్యాసం తక్కువ కాకూడదు, నల్లగీతలు పెళుసైన పాత తెరకు ఆరంగుళాలు. బట్టల దుకాణాల్లో దొరికే అట్ట గొట్టం పనికొస్తుంది గానీ, ఆ అట్టలో ఆమ్లం ఉంటుంది. దానికి పాలియెస్టర్ ఫిల్ము చుట్టి, పైన యాసిడ్-ఫ్రీ, అంటే ఆమ్లం లేని కాగితం చుట్టండి. పీవీసీ పైపు వాడకండి.

2. శుభ్రమైన బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, తెరను బొమ్మవైపు కిందికి పెట్టండి. ముడతలను అరచేత్తో మెల్లగా సర్దండి, లాగొద్దు. ఇస్త్రీ అసలే వద్దు.

3. పైన యాసిడ్-ఫ్రీ టిష్యూ పరవండి. అది దొరక్కపోతే, గంజి పూర్తిగా పోయేలా రెండుమూడుసార్లు వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టిన తెల్ల మల్లు గుడ్డ. న్యూస్‌పేపరు ఎన్నటికీ కాదు. దాని సిరా అంటుకుంటుంది, కాగితమే ఆమ్లం.

4. నిలువుపోగు దిశలో చుట్టడం మొదలుపెట్టండి. బొమ్మ బయటివైపు ఉండాలి. బిగించి లాగకూడదు, వదులుగా జారకూడదు. ఒకరు చుడుతుంటే ఇంకొకరు ఎదురుగా టిష్యూ సర్దుతూ రావాలి.

5. చుట్టయ్యాక మల్లుగుడ్డతో మొత్తం కప్పి, వెడల్పాటి నూలు నాడాతో మూడుచోట్ల వదులుగా కట్టండి. దారం, రబ్బరు బ్యాండు గుడ్డను కోస్తాయి.

6. బయట నెంబరు, చిన్న ఫొటో తగిలించండి. ఏముందో చూడటానికి విప్పాల్సిన అవసరం రాకూడదు.

7. గొట్టాన్ని నేలమీద గానీ అరలో గానీ ఆనించి పడుకోబెట్టకండి, కిందివైపు నలుగుతుంది. గొట్టం లోపలినుంచి కడ్డీ దూర్చి రెండు కొసలా కొక్కేలకు వేలాడదీయండి.

కాళహస్తి తెరల్లో బొమ్మల కింద తెలుగులో కథ రాసి ఉంటుంది. ఆ అక్షరాలు కూడా నల్లగీతలే. చుట్టే ముందు వాటిని చదివి, అక్షరం అక్షరం రిజిస్టరులోకి ఎత్తి రాసుకోండి. వందేళ్ల తర్వాత గుడ్డమీద ఆ చోట రంధ్రాలే ఉండొచ్చు, మీ రాత ఒక్కటే మిగలొచ్చు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 19వ శతాబ్దపు కాళహస్తి తెరలున్నాయి. మన ఊళ్లో మిగిలిన వాటిని మనం కాపాడుకోకపోతే, మన పిల్లలు ఆ పని చూడటానికి అక్కడికే వెళ్లాలి.

ఎనిమిదో మెట్టు: పటాలు, కంచు, కొయ్య, తాటాకు

చట్రం కట్టిన పటాలను నిలువుగా, గూళ్లలో పుస్తకాల్లా నిలబెట్టండి. ఒకదాని ముఖానికి ఇంకోదాని ముఖం, వీపుకు వీపు. మధ్యలో ఆమ్లం లేని అట్ట. తంజావూరు పటానికి అద్దం బంగారు రేకును తాకకుండా మధ్యలో సందు ఉండాలి. తడిగుడ్డతో తుడవకూడదు, పూత నీళ్లకు కరుగుతుంది. రేకు లేచి ఉంటే దుమ్ము కూడా దులపకండి, పడుకోబెట్టి నిపుణులకు చెప్పండి. కాగితం మీది బొమ్మలను సెల్లోటేపుతో, ఫెవికాల్‌తో అట్టకు అంటించకండి. పలచని జపాన్ కాగితం ముక్కలను గోధుమపిండి గంజితో పైఅంచున రెండు చోట్ల అంటించి వేలాడదీస్తారు. కొద్దిగా తడిపితే ఊడివస్తుంది.

కంచు విగ్రహం చేతికి రాగానే మనవాళ్లకు చింతపండు గుర్తొస్తుంది. ఇంట్లో పూజ విగ్రహానికి అది మన ఆచారం, తోమినా తప్పులేదు. గ్యాలరీలోని పాత కంచుకు పైనున్న ముదురు పొరే రక్షణ, దాని వయసుకు సాక్ష్యం కూడా. చింతపండుతో, పాలిష్‌తో ఆ పొర పోతే మళ్లీ రాదు. అయితే లేత ఆకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా పుట్టి రాలుతుంటే అది పొర కాదు, రోగం. లోహంలో చేరిన ఉప్పు, తేమ కలిసి లోపల్నుంచి తినేస్తున్నాయని గుర్తు. వెంటనే మిగతావాటినుంచి వేరుచేసి, సిలికా జెల్ ఉన్న మూతపెట్టెలో 40 శాతం కన్నా తక్కువ తేమలో ఉంచండి. చెన్నై ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలో 1930లో మొదలైన రసాయన పరిరక్షణ ప్రయోగశాల ఇలాంటి కంచు చికిత్సకు పేరున్నది, మనకు దగ్గరలోనిది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో, లక్నోలోని జాతీయ పరిరక్షణ ప్రయోగశాలలో కూడా నిపుణులున్నారు. ఇంటర్నెట్‌లో చూసి స్వయంగా వైద్యం చేయకండి.

కొయ్యబొమ్మలకు కొబ్బరినూనె రాయడం మానండి. మెరుపు పదిరోజులు, ఆ జిడ్డుకు పట్టే దుమ్ము ఎప్పటికీ. ఎర్రచందనం లోపలి చేవకు పురుగు అంత తేలిగ్గా పట్టదు, బయటి తెల్లచెక్కను మాత్రం తింటుంది. తాటాకు ప్రతులను రెండు చెక్కపలకల మధ్య పెట్టి, నూలుగుడ్డలో చుట్టి ఉంచండి. ఆకులు ఎండి పెళుసెక్కితే నిమ్మగడ్డి నూనె పట్టించే పద్ధతి ఉంది, అక్షరాల్లో సిరా గట్టిగా ఉందని ఒక మూల పరీక్షించాకే.

తొమ్మిదో మెట్టు: పురుగు

నాఫ్తలీన్ గోళీలు వద్దు. ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదు, గోళీ తగిలిన చోట మరక పడుతుంది. వేపాకు, వస కొమ్ము మన పెద్దల పద్ధతి. వాడాలనుకుంటే పలుచని సంచిలో కట్టి అరలో ఓ మూల పెట్టండి, వస్తువుకు తగలకూడదు, ఎండిన ఆకును మారుస్తూ ఉండాలి. దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

నమ్మాల్సింది శుభ్రతను. స్టోరులో టిఫిను, టీ, ప్రసాదం, పూలు ఏవీ రాకూడదు. అరలు నేలకు కనీసం ఆరంగుళాల ఎత్తులో, గోడకు చెయ్యి దూరేంత ఎడంగా ఉండాలి. ఆ సందులో టార్చి వేసి చెదల మట్టిగీత ఉందేమో వారం వారం చూడాలి. జిగురు అట్టల వలలు మూలల్లో పెట్టి, నెలకోసారి ఏ పురుగులు ఎన్ని పడ్డాయో రాయండి. సిల్వర్ ఫిష్‌లు పెరుగుతుంటే ఆ మూల తడిగా ఉందని అవి మీకు చెబుతున్నట్టు.

గుడ్డకు పురుగు పట్టినట్టు తేలితే మందు కొట్టకుండా చలితో చంపవచ్చు. పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, టేపుతో మూసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజరులో వారం, అంత చల్లబడని ఫ్రీజరైతే రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, విప్పితే చల్లని గుడ్డమీద నీరు పడుతుంది. ఈ పద్ధతి గుడ్డకు, కాగితానికి. తంజావూరు పటానికి, రంగులు వేసిన కొయ్యకు కాదు.

పదో మెట్టు: నీళ్లు వచ్చిన రోజు

2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ రోజు రాకముందే ఒక కాగితం రాసి స్టోరు తలుపు లోపలివైపు అంటించండి: ఏ పది వస్తువులు ముందు బయటికి తీయాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎవరికి ఫోను చేయాలి, కరెంటు మెయిను ఎక్కడుంది. పక్కనే పెద్ద పాలిథిన్ పట్టలు, పాత నూలు తువ్వాళ్లు, బ్లాటింగ్ కాగితాలు, టార్చి, నైట్రైల్ గ్లవుసులు ఒక డబ్బాలో ఉండాలి. ఆ డబ్బాలోంచి టార్చి ఎవరూ ఇంటికి పట్టుకెళ్లకూడదు.

తడిసినవాటికి మీ దగ్గర సుమారు 48 గంటలుంటాయి, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. మొదట కరెంటు ఆపండి, ఆపైనే లోపలికి అడుగుపెట్టండి. తడిసిన తెరను ఒక్కచేత్తో ఎత్తకండి, నీళ్లు తాగిన గుడ్డ బరువుకే చిరుగుతుంది. కింద పాలిథిన్ పట్ట జార్చి, పట్టతో సహా ఇద్దరు ఎత్తాలి. పిండకూడదు. తువ్వాలు అద్ది నీరు తీసి, తువ్వాలు మార్చి మళ్లీ అద్దాలి. ఎండలో వేయకూడదు, హెయిర్ డ్రయరు వాడకూడదు. గదిలో ఫ్యాన్లు గాలిని తిప్పాలి గానీ వస్తువు మీదికి సూటిగా వీచకూడదు. ఒకేసారి ఆరబెట్టలేనన్ని కాగితాలు తడిస్తే, చిన్న కట్టలుగా పాలిథిన్‌లో పెట్టి డీప్ ఫ్రీజరులో పెట్టండి. అక్కడ బూజు పెరగదు, ఒక్కో కట్టా తీసి నిదానంగా చూసుకోవచ్చు. చట్రంలో ఉన్న పటాన్ని బొమ్మవైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి వెనక అట్ట జాగ్రత్తగా తీయండి. అద్దానికి బొమ్మ అంటుకుని ఉంటే మాత్రం లాగకండి, అలాగే నిపుణుల దగ్గరికి పంపండి.

అంతా ఆరాక ప్రతిదానికీ మళ్లీ ఫొటో తీసి, పాత ఫొటో పక్కన పెట్టి చూడండి. ఏ రోజు ఎంతసేపు తడిసిందో రిజిస్టరులో రాయండి. బాగానే ఉందనిపించినా సరే, రెండు వారాలు తెల్లకాగితం పరిచిన ఆ వేరు గదిలోనే ఉంచి, ఆ తర్వాతే తిరిగి స్టోరులోకి తీసుకెళ్లండి.